నాలుగు పళ్ళ ఎద్దు

ఫిబ్రవరి 20, గురువారం

ఈ పొద్దున పశువుల ఆసుపత్రిలో నా బల్ల మీద ఒక అగ్గిపెట్టె ఉంది. లోపల దూది, దూది మీద ఎద్దు పన్ను. పాలపన్ను. అంచు అరిగి పసుపు తిరిగింది. ఎవరో దాన్ని శ్రద్ధగా కడిగారు. మా ఆసుపత్రి గేటు లోపల నేను చూసిన అత్యంత శుభ్రమైన వస్తువు అదే.

అటెండరు నరసింహులు తలుపుకు ఆనుకుని నవ్వుతున్నాడు.

"వెంకటేశ్వర్లన్న పెట్టిపోయినాడు మేడమ్. సుబ్బయ్య ఎద్దుదంట. రాలిందంట."

"అయితే?"

"అయితే ఏందంటారేంది మేడమ్! పాలపన్ను రాలితే ఆడ పెద్దపన్ను వస్తాది. నాలుగు పళ్ళది ఆరు పళ్ళలోకి పోతాది. సుబ్బయ్య నాలుగు పళ్ళల్లోనే లాగిస్తా అంటాండాడు. అది దొంగాట గదా."

ఐదున్నరేళ్ళు చదివింది ఇందుకు. శివరాత్రి తిరునాళ్ళలో ఎద్దులు ఒక్కొక్కటిగా బండ లాగుతాయి. రెండు పళ్ళవి ఒక వరస, నాలుగు పళ్ళవి ఒక వరస, ఆరు పళ్ళవి ఒక వరస. ప్రతి ఎద్దుకూ ఒక కాగితం, కాగితం కింద నా సంతకం. నంద్యాల కాన్వెంటులో సెక్షన్లు కూడా ఇంత పట్టుదలగా విడదీయలేదు.

అగ్గిపెట్టెను సొరుగులో పడేశాను. ఆ పన్ను ఏ ఎద్దుదైనా కావచ్చు. వెంకటేశ్వర్లుదైనా కావచ్చు.

ఫిబ్రవరి 21

నంద్యాల గది నుంచి ఆళ్ళగడ్డ బస్సులో నవల ముప్పై పేజీలు. పక్క సీటు ఖాళీ. మంచి రోజు.

ఫిబ్రవరి 22, శనివారం

అహోబిలం నుంచి అమ్మ ఫోను. ఎప్పటిలాగే మొదటి ప్రశ్న: "చేతులు బాగా కడుక్కున్నావా కమలినీ?"

నాన్న రంగనాథం గారు గుడిలో పారాయణం చేస్తారు. వచ్చిన చుట్టాలకు మా అమ్మాయి డాక్టరు అని చెప్తారు. ఏ డాక్టరో చెప్పరు. ఇంటి ముందుకు వచ్చిన ఆవు తోకను కళ్ళకు అద్దుకుంటారు, అదే ఆవుకు ఈత కష్టమైతే కూతురు ఏం చేస్తుందో మాత్రం ఆయనకు వినపడకూడదు. ఆయనను చూసి నవ్వుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. పైకి కాదు.

చేతులు కడుక్కున్నానని అమ్మకు చెప్పాను. నిజమే. కాన్వెంటులో సోమవారం సోమవారం సిస్టరు స్కేలు పట్టుకుని గోళ్ళు చూసేది. నాకు ఒక్కసారి కూడా దెబ్బ పడలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

సుబ్బయ్య ఊరికి వెళ్ళాం, నేనూ నరసింహులూ. ఆళ్ళగడ్డ నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు, అందులో పదిహేను నిమిషాలు నరసింహులు మాటలు.

సుబ్బయ్యకు నలభై ఎకరాలుంది, మీసం ఉంది, ఒక ఎద్దు ఉంది. మూడింటిలో ఎద్దుకే గౌరవం. దాని పేరు దొర. కొట్టానికి ఫ్యాను, నేలకు ఇసుక, గుమ్మానికి నిమ్మకాయల దండ. మనుషులుండే ఇంటికి సున్నం వేసి ఎన్నేళ్ళయిందో.

నన్ను కొట్టం ముందే ఆపాడు.

"మేడమ్, ఏమనుకోవద్దండి. మొక్కుండాది. పోటీ అయ్యేదాకా నలభై దినాలు ఆడమనిషి దాన్ని ముట్టగూడదు. మా ఇంటామె గూడా కొట్టం తొక్కదు. నరసింహులు సూస్తాడు, మీరు సంతకం జేయండి, సాలు."

నరసింహులు చదివింది పదో తరగతి. ఈ ఉద్యోగంలో చేరిన ఎనిమిది నెలల్లో మొదటిసారి నా గొంతు లేచింది. నాకే కొత్తగా వినిపించింది.

"నేను ఆడమనిషిని కాదు. డాక్టర్ని. నా సంతకం కావాలంటే నా పరీక్షే కావాలి."

సుబ్బయ్య నరసింహులు వైపు చూశాడు. "ఏందప్పా ఇది?"

"మేడమ్ చదువుకున్నోళ్ళు గదన్నా" అన్నాడు నరసింహులు, నేనేదో జబ్బు పడ్డట్టు.

"సరే తల్లీ. పో. అది కుమ్మితే నన్నడగొద్దు." కండువా దులుపుకుని ఇంట్లోకి పోయాడు. కాసేపటికి గోళీసోడా పంపిస్తానని అక్కడి నుంచే అరిచాడు. కోపంలో కూడా మర్యాద. దాన్ని చూస్తే ఇంకా చిరాకు.

నరసింహులు స్టాంపు ప్యాడు ఆటోలో మరిచిపోయి వచ్చాడు. దానికోసం వెనక్కి పంపాను.

సుబ్బయ్య భార్య ఉమామహేశ్వరమ్మ గడ్డివామి దగ్గర నిలబడి ఉంది. సన్నటి మనిషి. వేళ్ళ నిండా పత్తికాయల గీతలు, కొన్ని ఎర్రగా కొత్తవి. దూడ పుట్టిన మూడోనాడు తల్లి చస్తే ఆమే సీసాతో పాలు పట్టి పెంచిందట. ఇప్పుడు ముప్పై ఏడు రోజులుగా దూరం నుంచి చూస్తోంది.

"దానికి గొంతు పోయింది మేడమ్" అంది. "మూడు దినాల్నుంచి బొంగురుగా అరుస్తాంది. నన్ను జూసి గూడా అట్లే."

బొంగురట. ఎద్దు పాట కచేరీ చేయాలా?

పరీక్ష అయింది. పెద్దపళ్ళు నాలుగు, మిగతా పాలపళ్ళు గట్టిగా ఉన్నాయి, ఏదీ రాలలేదు. అంటే వెంకటేశ్వర్లు అగ్గిపెట్టె అబద్ధం. కొంచెం చొంగ ఉంది. ఉలవలు, కోడిగుడ్లు, నెయ్యి, ఇంకా ఏమేం కూరారో. నాలుగు కడుపులున్నా ఎద్దు ఎద్దే కదా.

కాగితం మీద రాశాను: స్వయంగా పరీక్షించాను, నాలుగు పళ్ళు, ఆరోగ్యంగా ఉంది. సంతకం, స్టాంపు.

సోడా తాగలేదు.

ఫిబ్రవరి 25

ఒక మేక, రెండు బర్రెలు, కుక్కపిల్లను చూపించడానికి వచ్చి తన మోకాలి నొప్పి గురించి చెప్పిన ఒక హెడ్మాస్టరు.

ఫిబ్రవరి 27, గురువారం

తిరునాళ్ళ. బండలాగుడు. జనం, దుమ్ము, మైకు. నాకు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు, చుట్టూ పది అడుగుల ఖాళీ వదిలారు. నేనేదో అంటురోగంలాగా.

నాలుగు పళ్ళ వరస పిలవగానే వెంకటేశ్వర్లు అడ్డం వచ్చాడు. ఆయనకూ ఒక ఎద్దుంది, పోయినేడు సుబ్బయ్య చేతిలో ఓడింది. అంతకు మించి ఆయన జీవితంలో ఏమీ జరిగినట్టు లేదు.

"పళ్ళు జూడాల! అందరి ముందర జూడాల!"

"మేడమ్ జూసి రాసిచ్చింది గదప్పా" అన్నాడు సుబ్బయ్య.

"మేడమ్ ముట్టిందో లేదో నువ్వు జూసినావా?"

జనం నవ్వారు. ముగ్గురు పెద్దమనుషులు నా వైపు తిరిగారు. నేను నా కాగితం వైపు చూశాను. అందులో ఉంది.

ఇక మొదలైంది. కింది పెదవి లాగడం, దవడ పక్క నుంచి వేళ్ళు దూర్చడం. ముందు ముగ్గురు పెద్దమనుషులు. తరవాత వెంకటేశ్వర్లు. తరవాత అతని తమ్ముడు. తరవాత సుబ్బయ్య, తమ్ముడు చూశాక మళ్ళీ తను చూపించాలి కదా. ఇంకో ఇద్దరు ఎవరో, ఎందుకో. ఇంకొకడు ఊరికే.

"నాలుగే!"

"నీ కండ్లకు నాలుగు. లోపలికి తడుముప్పా."

"తడిమినా. ఐదుండాయి."

"అది నా ఏలు! ముందు నీ చెయ్యి తీ, నా ఏలు లెక్కబెడతాండావ్."

తొమ్మిది మంది. నరసింహులు ముక్కుతాడు పట్టుకుని ప్రతివాడికీ నోరు తెరిచి చూపాడు, సంతలో బట్టలు చూపినట్టు. పది. చివరికి నాలుగే అని తేలింది. నేను రాసిందే. ప్రతివాడూ చేతిని కండువాకు తుడుచుకున్నాడు.

మైకులో నా పేరు చదివారు. "మన డాక్టరమ్మ గారు స్వయంగా పరీక్షించి..."

దొర బండను ముప్పై అడుగులు లాగింది. వెనక కాళ్ళు వంకర పోయాయి. నిలబడింది. మళ్ళీ లాగింది. కూలబడింది. నోటి నుంచి చొంగ తాడులాగా నేల దాకా వచ్చింది.

"మందు పెట్టినారు! నా ఎద్దుకు మందు పెట్టినారు!" సుబ్బయ్య వెంకటేశ్వర్లు మీదికి పోయాడు. పదిమంది పట్టుకున్నారు. ఇద్దరిలో ఎవరి చొక్కా ముందు చిరుగుతుందో చూడటానికి పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

మేత ఎక్కువై కడుపు చెడిందని చెప్పాను. తినేసోడా కలిపిన నీళ్ళు నరసింహులు చేత తాగించాను. మింగలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కొట్టం ఇంకా వంద గజాలుండగానే వినిపించింది. ఎద్దు అరుపు కాదు. చిరిగిన డప్పు లాంటి చప్పుడు, ఆగకుండా. చొంగ, వేలాడుతున్న దవడ, ఊరికే ముక్కడం, నీళ్ళు తాగబోయి తాగలేకపోవడం.

పుస్తకంలో ఇది ఏ పేజీలో ఉందో కూడా నాకు తెలుసు. ఎడమవైపు పేజీ, పైన. దాని కింద పెద్ద అక్షరాల్లో: గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టవద్దు. పరీక్షలో దానికి మూడు మార్కులు. మూడూ వచ్చాయి నాకు.

"కుక్క కరిచిందా దీన్ని?"

సుబ్బయ్య నేల చూశాడు. కొట్టం చూశాడు. నిమ్మకాయల దండ చూశాడు.

"నెలన్నర అయింటాది. మూతి మీద రవంత గీరింది. పసుపు పెట్టినా. మానిపాయ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పోటీకి రానియ్యరు గదా మేడమ్."

ఒక్క మాట. ఇంత చిన్న విషయం. దాన్ని దాచడానికి ఈ మనిషి పెంచిన ఎద్దును, తననూ, పది మందినీ పణం పెట్టాడు. పరువట! తిరునాళ్ళలో నలుగురి ముందు తల దించుకోవాల్సి వస్తుందని. నాకు అతన్ని తిట్టడానికి కూడా బుద్ధి పుట్టలేదు. ఇలాంటి మనుషుల్ని నేను అర్థం చేసుకోలేను.

దగ్గరికి ఎవరూ పోవద్దని చెప్పాను. నంద్యాలలో మా శాఖ పెద్ద డాక్టరుకు ఫోను చేశాను. ఆయన అడిగిన మొదటి మాట: "నోట్లో ఎవరెవరు చేతులు పెట్టారు? జాబితా రాయి."

రాశాను. తిరునాళ్ళలో తొమ్మిది మంది. నరసింహులు. పది.

"నువ్వు?" అన్నాడాయన.

పదకొండు.

మార్చి 1, శనివారం

ఉదయం ఏడున్నరకు పోయింది. పెద్ద డాక్టరు నంద్యాల నుంచి వచ్చి మెదడు నమూనా ఆయనే తీశాడు. నేను సీసా మీద చీటీ రాశాను. నా దస్తూరి బాగుంటుందని అన్నాడు.

పొలంలో లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చారు. సుబ్బయ్య మట్టిలో కూచుని పసివాడిలా ఏడ్చాడు. నలభై ఎకరాల మనిషి.

తిరిగి వస్తుంటే ఉమామహేశ్వరమ్మ చేతిపంపు దగ్గర కలిసింది. నీళ్ళు కొట్టడం ఆపి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది.

"మేడమ్, అది ఆడోళ్ళకు గూడా వస్తాదా?"

"ఆడా మగా లేదు. ఉమ్మి తగిలితే, చేతికి గీత ఉంటే, వస్తుంది. వచ్చాక మందు లేదు. రాకముందే సూది వేయించుకోవాలి."

"ఊ" అంది. మళ్ళీ పంపు కొట్టింది. చెంబు నిండి పొర్లుతున్నా కొడుతూనే ఉంది.

పిచ్చి ప్రశ్న. రోగానికి కూడా మొక్కులుంటాయనుకుంటారు.

మార్చి 2, ఆదివారం

ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. పదకొండు మందిని ఆళ్ళగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం నా పని అయింది. ఎద్దు నోట్లో చెయ్యి పెట్టడానికి పోటీపడ్డ మగవాళ్ళు సూది అనేసరికి ఎక్కడెక్కడ దాక్కున్నారో రాస్తే ఒక పుస్తకం. ఒకడు మిరప తోటలో. ఒకడు యాగంటిలో మొక్కు ఉందని బస్సెక్కాడు, ఫోను చేసి బనగానపల్లెలో దింపించాం. పెద్దమనుషుల్లో పెద్దాయన మంచం కింద. నిజంగా మంచం కింద.

వెంకటేశ్వర్లు గుమ్మంలోనే తగువు.

"పన్ను జూసినందుకు సూదేంది మేడమ్? పోటీ ఆయనది, ఎద్దాయనది, సూది నాకా?"

"వేయించుకోకపోతే నీళ్ళు చూసి భయపడి చస్తారు."

ఇంత సూటిగా మాట్లాడగలనని నాకు తెలియదు. వెంకటేశ్వర్లు చెప్పులేసుకున్నాడు.

అందరికంటే ముందు నేను వేయించుకున్నాను, వాళ్ళు చూడాలని. నర్సు అడిగింది.

"ఇంతకుముందు వేసుకున్నారా మేడమ్?"

"చదువుకునేటప్పుడు."

"అట్లయితే మీకు రెండు సూదులే, ఈ పొద్దు, మూడో దినం. యాడ తగిలింది?"

"కుడి చెయ్యి."

రాసుకుంది.

మార్చి 3

అమ్మ ఫోను చేసింది, నేను ఎత్తలేదు.

మార్చి 5, బుధవారం

రెండో సూది. పదకొండు మందీ వచ్చారు. నరసింహులు కళ్ళు మూసుకుని నా పేరు తలుచుకుంటాడట, దేవుడి పేరు బదులు. ఎందుకంటే దేవుడు అతన్ని ఆటోలో ఎక్కించలేదట.

"మీరు లేకపోతే మేమందరం గోవిందా మేడమ్."

వంకర మనిషి. కానీ సూదికి మాత్రం టైముకు వస్తాడు.

జాబితా మళ్ళీ చూశాను. పదకొండు. పూర్తిగా ఉంది.

మార్చి 6, గురువారం

ఫలితం వచ్చింది. పిచ్చిరోగమే, రేబిస్.

అంటే ఆ సూదులు పడకపోతే... సరే. పడ్డాయి. పదకొండు మందికి పడ్డాయి.

పెద్ద డాక్టరు నివేదిక అడిగాడు. మా శాఖ భాషలో రాయాలి. ఎవరూ ఏమీ చేయరు, అన్నీ జరుగుతాయి. ఆ భాషను చూసి నేనెప్పుడూ నవ్వుకుంటాను. రాశాను: 24వ తేదీన పశువు దంతములు పరిశీలించడం జరిగినది.

మార్చి 7

నరసింహులు ఊరి కబుర్లు మోసుకొచ్చాడు.

"సుబ్బయ్య ఏమంటాండాడో తెలుసునా మేడమ్? మీరు ముట్టినందుకే ఎద్దు పోయిందంట. కుక్క కరిసింది లెక్కలేదంట."

"ఇంకా?"

"వాళ్ళింటామె ఒక్క దినం గూడా కొట్టం తొక్కలే, ఆమె ఒగతే ఈ గండం నుంచి బయటపడిందంటాండాడు. ఆమె మాత్రం అన్నం తినడంల్యా. ఎద్దు మీద దిగులంట. నిన్న మా ఇంటిదానితో అనిందంట, నీళ్ళు జూస్తే భయమైతే అదేనా అని."

"నీళ్ళు చూస్తే భయమేస్తోందా ఆమెకు?"

"లేదులే మేడమ్. బాగనే తాగతాంది. ఊరికే అడిగిందంట, కడవ ముందర పెట్టుకొని."

నరసింహులును పంపించేసి టీకాల పెట్టెలో ఐసు మార్చాను. రెండుసార్లు మార్చాను.

మార్చి 8, శనివారం

మహిళా దినం. నంద్యాలలో ఒక సంఘం వాళ్ళు పిలిచారు. స్టేజీ, శాలువా, ప్లాస్టిక్ పూలు. శాలువా మీద ధర చీటీ అలాగే ఉంది. మాట్లాడిన పెద్దమనిషికి నా పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మూడోసారి కూడా నళిని అన్నాడు.

"ఆడపిల్ల ముట్టగూడదన్న చోట, మన నళిని గారు ఎదిరించి నిలబడి, ఎద్దు నోట్లో చెయ్యి పెట్టిన ధైర్యశాలి! పదకొండు ప్రాణాలు కాపాడిన తల్లి!"

చప్పట్లు. ముందు వరసలో నా కాన్వెంటు సిస్టరు ఉంది. చాలా ముసలిదైపోయింది. దిగి వచ్చాక నా కుడి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. గోళ్ళు చూసింది. పాత అలవాటు.

"క్లీన్" అంది.

గదికి వచ్చి అమ్మకు ఫోను చేశాను. అమ్మ మొదటి ప్రశ్న అడిగింది. నేను ఫోను పెట్టేశాను.

ఆ స్టేజీ మీద ఉన్న అందరూ వెధవలే. అందరూ.

మార్చి 9, ఆదివారం

మొదటి బస్సుకు ఆళ్ళగడ్డ, అక్కడి నుంచి ఆటో. సుబ్బయ్య లేడు, మహానందికి పోయాడట, పాపం పోవాలని. నేను అదృష్టమనుకున్నాను. అలాంటి మాట నా డైరీలో రాస్తానని అనుకోలేదు.

ఉమామహేశ్వరమ్మ వసారాలో పత్తి ఏరుతూ కూచుంది. నన్ను చూసి లేవలేదు.

"మీరొస్తారనుకున్నా మేడమ్" అంది. "నేనెవరికీ చెప్పనులే. మీ పేరు రాదు. భయపడొద్దండి."

నేను బెదిరించడానికి వచ్చాననుకుంది. ఆమె అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఈ పదమూడు రోజుల్లో నేను చేసినదాన్ని బట్టి చూస్తే ఇంకేమనుకుంటుంది?

"సూది వేయించుకోవడానికి రండి. ఇప్పుడే. ఆటో ఉంది."

"ఆయనకు తెలిస్తే?"

"తెలుస్తుంది."

"నేను ముట్టినానని తెలిస్తే సంపుతాడు మేడమ్. ఎద్దు పోయింది నావల్లే అంటాడు. మా అత్త, మా ఆడబిడ్డ, ఊరంతా అంటాది. బతికినన్నాళ్ళు అంటాది."

"అననీ. బతికి ఉంటేనే కదా వినేది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో నేను రోజూ అందరినీ చూసే చూపు ఉంది. ఇటువైపు నుంచి దాన్ని చూడటం ఇదే మొదటిసారి.

"మీరు శానా చదువుకున్నారు గదా మేడమ్" అంది. "ఆ పొద్దే తెలీలేదా మీకు? బొంగురుగా అరుస్తాందని చెప్పితి గదా."

చెప్పింది. నేను పాట కచేరీ అనుకున్నాను. ఆ మాట ఇందులోనే ఉంది, ఫిబ్రవరి ఇరవై నాలుగు. వెనక్కి తిప్పి చదవగలను.

పత్తి గంప పక్కన పెట్టి, చీర మార్చుకుని వచ్చింది. ఆటోలో ఒకసారి తన వేళ్ళ వైపు చూసుకుని, "సిన్నప్పుడు దొర ఈ ఏళ్ళే చీకేది, సీసా అయిపోయినాక గూడా" అంది.

ఆసుపత్రిలో అదే నర్సు.

"మేడమ్! నిన్న శాలువా ఫొటో జూసినా, గ్రూపులో వచ్చింది" అంది. తరవాత నా వెనకాల ఉన్న మనిషిని చూసింది. "ఈమెవరు?"

"పన్నెండో పేరు."

డ్యూటీ డాక్టరు బయటికి వచ్చాడు. చిన్నవాడు, నా వయసే. ఎప్పుడు తగిలిందని అడిగాడు. ఫిబ్రవరి ఇరవై నాలుగు అన్నాను. ఎలా తగిలిందని అడిగాడు. పళ్ళు లెక్కపెట్టడానికి ఈమె ఎద్దు నోరు తెరిచిందన్నాను. ఆయన కలం ఆపాడు.

"ఆ రోజు పళ్ళు చూసింది మీరు కదా?"

"కాదు. ఈమె."

"మరి మీకు రెండు డోసులు..."

"నాకు అక్కరలేదు. నేను ముట్టుకోలేదు."

నర్సు రిజిస్టరులో నా పేరు వైపు చూసింది, నా వైపు చూసింది. వంకరగా కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆలస్యమైంది, అయినా ఇవ్వాల్సిందే, పూర్తిగా ఇవ్వాలి అన్నాడు డాక్టరు. గీతల చుట్టూ కూడా సూదులు పొడవాలి, ఒక్కో గీతకు. కొత్త గీతలు, మానుతున్న పాత గీతలు, అన్నీ. ఉమామహేశ్వరమ్మ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూచుంది, చెయ్యి కదల్చలేదు. అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "రేపు పత్తికి పోవచ్చునా?"

"పోవచ్చు" అన్నాడు డాక్టరు. "మూడో దినం మళ్ళీ రావాల."

"వస్తా" అంది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు పన్నెండు దాటింది, ఎండ గది సగం దాకా వచ్చింది. పెద్ద డాక్టరుకు ఉత్తరం రాశాను. పరిశీలించడం జరిగినది అన్న వాక్యం కొట్టేశాను. ఇలా రాశాను: సుబ్బయ్యతో నేనే పరీక్షిస్తానని వాదించి నెగ్గాను. తరవాత ఎద్దు తల తిప్పి చూసేసరికి గడప దాటలేకపోయాను. అందరికీ పరీక్షించానని చెప్పాను. ఉమామహేశ్వరమ్మ నోరు తెరిచి, పళ్ళు లెక్కపెట్టి చెప్పింది. జాబితాలో ఆమె పేరు రాస్తే నా సంతకం అబద్ధమని తెలుస్తుందని రాయలేదు. రేపు ఈ ఉత్తరం నా చేతులతోనే ఇస్తాను.

ఉత్తరం తిరిగి చదువుకున్నాను. చూడటానికి నిజంలాగే ఉంది. ఆమె తనంతట తానే వెళ్ళి చూసినట్టుంది.

అది కాదు. ఆమె గడ్డివామి దగ్గరి నుంచి కదలలేదు. మొక్కు ఇంకా మూడు దినాలుంది మేడమ్, నేను పోగూడదు అంది. లోపలికి పోయి నోరు తెరిచి చూడమని ఆమెను పంపింది నేను.